పనోరమా అంటే ఏంటండీ?

క్రిస్మస్ సెలవులు ఇంకా వారం ఉన్నాయనగా, నరసాపురంలో మా బడి గోడకి ఎవరో ఒక గులాబి రంగు కాగితం అంటించి పోయారు. కొత్త సంవత్సరం మూడో రోజు సాయంత్రం రాజమండ్రిలో 'ప్రపంచ ప్రఖ్యాత పనోరమా' చూపిస్తారట. లండను నగరం, మంచు కొండలు, మహా సముద్రం, అన్నీ కూర్చున్న చోటి నుంచి కదలకుండా చూడవచ్చునట.

ఆ మధ్యాహ్నం నాలుగో తరగతిలో ఒక పిల్ల లేచి అడిగింది. "మాస్టారూ, పనోరమా అంటే ఏంటండీ?"

పద్నాలుగేళ్లుగా తెలుగూ, కాస్త ఇంగ్లీషూ చెబుతున్నవాణ్ణి. తరగతిలో 'తెలీదు' అన్న మాట నా నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజూ రాలేదు. "అదొక జంతువమ్మా. ఆఫ్రికాలో ఉంటుంది. మెడ పొడుగ్గా ఉంటుంది" అన్నాను. పిల్లలు పలకల మీద రాసుకున్నారు కూడా.

రాజమండ్రి వెళ్లి తిరిగొచ్చాక తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు నేను వీధిలో వెళుతుంటే వెనక నుంచి 'పనోరమా మాస్టారు' అని సన్నగా వినిపిస్తుంది. దానికి నేను తగినవాణ్ణే. కానీ ఆ అబద్ధం ఆడి ఉండకపోతే ఇల్లు కదిలేవాణ్ణి కాను, ఈ పది రోజులూ నాకు దక్కేవి కావు. అందుకే వెళ్లని వాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

కాలువ మీద

క్రిస్మస్ మర్నాడే గూడు పడవ ఎక్కాను. మా ఆవిడ పండక్కి వండిన అరిసెలు ఒక డబ్బాలో, మాగాయ కలిపిన చద్దన్నం ఒక గిన్నెలో పెట్టి ఇచ్చింది. "రాజమండ్రిలో మా బాబాయిగారింట్లోనే దిగండి. సత్రాల్లో తినకండి" అంది. వాళ్ల బాబాయిగారు అక్కడ పాస్టరు.

కాలువ ప్రయాణంలో సుఖం తెలియాలంటే తొందర లేని మనిషై ఉండాలి. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూ నడుస్తుంటారు. గట్టున నడిచే ముసలమ్మ మన పడవని దాటి పోతుంది. వెనక్కి తిరిగి "ఏ ఊరండీ?" అని అడుగుతుంది. మనం జవాబు చెబుతాం. ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, మన పెళ్లాం పిల్లల సంగతులన్నీ తెలుసుకుని, అప్పుడు ముందుకి పోతుంది. తేగల రోజులు కావడంతో ప్రతి రేవులోనూ కాల్చిన తేగల కట్టలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కానీకి కట్ట. నరసాపురంలో అదే కానీకి ఇంకో రెండు తేగలు ఎక్కువ వస్తాయని చెప్పాను. "అయితే అక్కడే తిని రావాల్సింది" అందొకావిడ.

పాలకొల్లులో ఒక పెద్దమనిషి ఎక్కారు. యాభై ఏళ్లుంటాయి. చెవులకి పోగులు, గుండీలు ఊడిన నల్ల కోటు, చంకలో గొడుగు. ఆయన వెనక ఇద్దరు బలమైన మనుషులు ఒక పొడుగాటి మూట మోసుకొచ్చి పడవలో పొడుగ్గా పడుకోబెట్టారు. రెండు నిలువుల పొడవుంది. పైన గోనెలు చుట్టి తాళ్లు బిగించారు.

మార్టేరు వెళ్లే రైతు ఒకాయన కాళ్లు ముడుచుకుని, "శవంతో ప్రయాణమైతే ముందే చెప్పాలి కదండీ" అన్నాడు.

"శవం ఏమి నాయనా!" ఆ పెద్దమనిషి గొడుగుతో మూట మీద ప్రేమగా తట్టారు. "ఇది లండను."

అలా పరిచయమయ్యారు మునుస్వామి నాయుడుగారు. చెన్నపట్నం మనిషి. నేను వెతుక్కుంటూ బయల్దేరిన పనోరమా నా కాళ్ల దగ్గరే పడుకుని ఉంది. వంద గజాల గుడ్డ మీద ఊళ్లూ, ఓడలూ, కొండలూ వరుసగా రంగులతో వేసి ఉంటాయి. రెండు పెద్ద దూలాల మధ్య ఆ గుడ్డని ఒకదాని మీంచి విప్పుతూ ఇంకోదానికి చుడుతుంటే, ఎదురుగా కూర్చున్న వాళ్లకి ఓడలో పోతున్నట్టే ఉంటుందట. వెంట వచ్చిన ఇద్దరూ ఆ దూలాలు తిప్పేవాళ్లు. నాయుడుగారు పక్కన నిలబడి కథ చెబుతారు.

"అదంతా సరేగానీ, ఆ మాటకి అర్థం ఏంటండీ?" అన్నాను.

"పనోరమా అంటే ఇంగ్లీషులో పెద్ద బొమ్మ" అన్నారు ఆయన.

గంట తర్వాత అరిసె తింటూ, "అసలు సంగతి చెబుతాను. రమ అంటే ఎవరు? లక్ష్మీదేవి. లక్ష్మిని ఇంటికి తెచ్చేది పనోరమ" అన్నారు. రెండో అరిసె అయ్యాక మాత్రం నా వైపు చూసి గట్టిగా నవ్వేశారు. "మాస్టారూ, పద్దెనిమిదేళ్లుగా ఊరూరా అరుస్తున్నాను. అర్థం నాకూ తెలియదు. దీన్ని నాకు అమ్మిన దొర చెప్పలేదు, నేను అడగలేదు."

నా జంతువు సంగతి ఆయనకి చెప్పాను. ఆ తర్వాత మేమిద్దరం మంచి స్నేహితులమైపోయాం.

లాకులో

మర్నాడు పొద్దున్న, మార్టేరు దాటాక ఒక లాకు వచ్చింది. కాలువ పల్లం నుంచి మెరకకి ఎక్కడానికి కట్టిన నీళ్ల మెట్టు అది. పడవ లోపలికి పోగానే వెనక తలుపులు మూసి, ముందు నుంచి నీళ్లు వదులుతారు. నీటితో పాటు పడవా పైకి లేస్తుంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! అందరం ఆ ముచ్చటే చూస్తున్నాం. మూట కొస పడవ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్న సంగతి ఎవరూ చూడలేదు. గోడకి బిగించిన దుంగ కింద అది ఇరుక్కుంది. పడవ లేస్తోంది, మూట లేవడం లేదు. పడవ ఒక పక్కకి ఒరిగింది. తాళ్లు పటపటా తెగాయి. లండను నీళ్లలో పడింది.

దూలాలు తిప్పే మనుషులిద్దరూ వెంటనే దూకారు. తడిసిన గుడ్డ ఏనుగంత బరువు. నీళ్లు మళ్లీ దించి, తాళ్లు కట్టి, గట్టు మీది వాళ్లు కూడా చెయ్యేసి బయటికి లాగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గోనెల సందుల్లోంచి నీలం నీళ్లు కారుతున్నాయి.

నాయుడుగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. గట్టు మీద కూర్చుని, తడిసిన కోటు విప్పి పక్కన పెట్టుకున్నారు. "నాకు ఇల్లు లేదు మాస్టారూ, పొలం లేదు. ఉన్నది ఇదొక్కటే" అన్నారు చాలా మెల్లిగా. నా దగ్గర మిగిలిన ఒక్క అరిసె ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పట్టుకునే ఉన్నారు, తినలేదు.

రాజమండ్రిలో

విజ్జేశ్వరం దగ్గర కాలువ వదిలి గోదావరిలోకి వచ్చేసరికి గాలి మారింది. నదికి అడ్డంగా రైలు వంతెన కోసం స్తంభాలు లేపుతున్నారు. నీళ్ల మధ్య ఒక్కొక్కటీ గోపురంలా నిలబడి ఉంది. ఇంకో వేళైతే పడవలో వాళ్లందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. మేం ముగ్గురు నలుగురం మాత్రం మూట వైపే చూస్తూ కూర్చున్నాం.

ఆట కోసం మాట్లాడుకున్నది రేవు దగ్గర ఖాళీగా ఉన్న ధాన్యం కొట్టు. అందులో వాసాలకి తాళ్లు కట్టి గుడ్డంతా ఆరేశాం. సముద్రం బాగానే ఉంది. చెన్నపట్నం రేవు, సింహళం, ఓడలు, తుపాను, అన్నీ మిగిలాయి. పై చుట్లలో ఉన్న లండను, మంచు కొండలు మాత్రం పోయాయి. రంగులన్నీ కలిసిపోయి గోంగూర పచ్చడిలా ఉంది. నలభై గజాలు.

"ఊరంతా కాగితాలు అంటించేశాను. ఇక్కడ ఆట పడకపోతే కాకినాడకి పోయే దారి కూడా లేదు" అన్నారు నాయుడుగారు.

ఆ పూట ఆయన్ని కూడా పాస్టరుగారింటికే తీసుకెళ్లాను. పాస్టరుగారు డెబ్బై దాటిన మనిషి. బక్క పలచగా ఉంటారు. ప్రసంగం ఎంత పెద్దగా చేస్తారో, ఇంట్లో అంత చిన్నగా మాట్లాడతారు. అత్తయ్యగారు కోడి పులుసు, గారెలు వండారు. నాయుడుగారు గారెను పులుసులో ముంచి తినడం అక్కడే మొదటిసారి చూశారట. చెన్నపట్నంలో వడను సాంబారులో తప్ప వెయ్యరని చెబుతూనే, ఏడు తిన్నారు. మనిషి కాస్త తేరుకున్నాడని నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడే అడిగాను. "మావయ్యగారూ, పనోరమా అంటే ఏంటండీ?"

పాస్టరుగారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. చదువుకునే రోజుల్లో దొరల దగ్గర గ్రీకు నేర్చుకున్నారాయన. "రెండు ముక్కలురా అబ్బాయ్. 'పాన్' అంటే సమస్తం. 'హొరామా' అంటే కంటికి కనబడేది. మన భక్తులకి కలిగే దర్శనం ఉంటుందే, దానికి కూడా గ్రీకులో ఆ మాటే వాడతారు."

"అయితే గ్రీకు మాటన్నమాట" అన్నాను.

"ముక్కలు గ్రీకువి, మాట కాదు. ఆ మాట చెబితే పాతకాలపు గ్రీకువాడికి అర్థం కాదు." ఆయన నవ్వారు. "నూరేళ్ల కిందట ఇంగ్లీషు దేశంలో ఒక బొమ్మలు వేసేవాడికి ఒక ఆలోచన వచ్చింది. కొండ మీద నిలబడి గుండ్రంగా తిరిగితే ఊరు ఎలా కనబడుతుందో, అలాగే ఒక గుండ్రటి మేడ కట్టి, లోపల గోడ చుట్టూ ఊరి బొమ్మ వేశాడు. జనం మధ్యలో నిలబడి చుట్టూ చూస్తారు. కొత్త వస్తువుకి కొత్త పేరు కావాలి కదా? గ్రీకు ముక్కలు రెండు అతికించి పెట్టాడు. తర్వాత నాయుడుగారి గుడ్డలాంటివి వచ్చాయి. ఆ తర్వాత దొరలు నిజం కొండ ఎక్కి, నిజం నది చూసి కూడా 'ఆహా పనోరమా' అనడం మొదలెట్టారు."

"అంటే ముందు బొమ్మకి పేరు పెట్టి, తర్వాత లోకానికి పెట్టారా!" అన్నారు నాయుడుగారు.

"మరంతే. బిడ్డ పేరుతో తల్లిని పిలిచినట్టు."

నాయుడుగారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. "పద్దెనిమిదేళ్లు 'సమస్తం, సమస్తం' అని అరిచానన్నమాట. నా దగ్గర ఉన్నది అరవై గజాలు" అన్నారు.

ఆ మాటకి పాస్టరుగారే ఒక దారి చూపించారు. "మా వీరన్న ఉన్నాడు. రథాలకీ దేవుళ్ల వాహనాలకీ రంగులు వేస్తాడు. మా బడిలో గొర్రెల కాపరి బొమ్మ కూడా వాడే వేశాడు. కాపరికి గోదావరి రైతులా తలపాగా చుట్టాడనుకోండి, గొర్రెలు మాత్రం అచ్చం గొర్రెలే."

వీరన్న మాట

వీరన్నకి అరవై ఉంటాయి. వేళ్ల సందుల్లో ఎప్పటి రంగులో ఇంకిపోయి ఉన్నాయి. ఆరేసిన గుడ్డ చుట్టూ ఒకసారి నడిచి, పాడైన చోట చేత్తో రాసి చూశాడు.

"లండను వెయ్యగలవా?" అన్నారు నాయుడుగారు. "పెద్ద వంతెన, నాలుగు గోపురాలు, గడియారం. నేను చెబుతుంటాను."

"మీరు చూశారాండి?"

నాయుడుగారు గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు. "బొమ్మలో చూశాను."

"నేను చూడంది వెయ్యనండి. దేవుళ్లంటారా, వాళ్లని చిన్నప్పట్నుంచీ చూత్తానే ఉన్నాను." వీరన్న గుమ్మంలోంచి బయటికి చూశాడు. "గోదారి వేత్తాను. ఇక్కణ్ణించి కొండల దాకా. కాకపోతే ఒక్కసారి పైకెళ్లి చూసిరావాలండి."

గోదావరిని చూడ్డానికి గోదావరి ఒడ్డువాళ్లు టిక్కెట్టు కొంటారా అని నాయుడుగారి భయం. నాకూ అదే భయం. అయినా వేరే దారి లేదు. మర్నాడు పొద్దున్నే అడవి కలప తేవడానికి పైకి పోతున్న ఆవిరి పడవలో ముగ్గురం చోటు సంపాదించాం.

పట్టిసీమ దాకా

శీతాకాలం గోదావరి పెద్దగా మాట్లాడదు. ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పోతుంటుంది. నది మధ్య లంకల్లో పొగాకు తోటలు పచ్చగా ఉన్నాయి. ఒడ్డున ఒక ముసలమ్మ చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తూ నీళ్లు మోస్తుంటే, నాయుడుగారు హడలిపోయి లేచి నిలబడ్డారు. "కాల్చుకుంటోంది, కాల్చుకుంటోంది!" అన్నారు. ఇక్కడి ఆడవాళ్లు అడ్డపొగ అలాగే తాగుతారని చెబితే, "చెన్నపట్నంలో చెబితే నమ్మరు" అన్నారు. ఆ ముసలమ్మ మమ్మల్ని చూసి నవ్వింది. నిప్పు ఆరలేదు, నోరు కాలలేదు.

వీరన్న కాగితం తీయలేదు, బొగ్గు ముక్క తీయలేదు. పడవ ముందు భాగంలో కూర్చుని చూస్తున్నాడు. నాయుడుగారికి ఓపిక తగ్గింది. "గీయవేమయ్యా?"

"చూత్తన్నానండి."

కొంతదూరం పోయాక నది బాగా వెడల్పైన చోట వీరన్న లేచి నిలబడ్డాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒక కొంగ కూడా లేదు. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏముంది ఇక్కడ?" అన్నాను.

"మా ఊరండి. రేగులంక." వీరన్న నీళ్ల వైపు చెయ్యి చూపించాడు. "అరవై గడప. నాకు పాతికేళ్లప్పుడు వరదొచ్చింది. మనుషుల్ని పడవల్లో దాటించారు. మూడేళ్లలో లంకంతా కోసుకుపోయింది. ఆ ఏడు మా వీధి, మరుసటేడు పక్క వీధి. ఆఖర్న రచ్చబండ ఒక్కటే ఉండేది నీళ్ల మధ్య. తర్వాత అదీ లేదు. అంతా రాజమండ్రిలోనూ కొవ్వూరులోనూ చెదిరిపోయాం."

పడవ ఆ నీళ్ల మీదుగానే పోయింది. మేం ఎవరి ఇంటి మీదుగా పోతున్నామో నాకు తెలియదు. వీరన్నకి తెలుసనుకుంటాను. ఒక చోట అతను కాళ్లు కాస్త పక్కకి జరుపుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక పట్టిసీమ చేరాం. నది మధ్యలో చిన్న కొండ, కొండ మీద వీరభద్రుడి గుడి. వీరన్న గుడిలోకి వెళ్లాడు. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి బయటే రాతి మీద కూర్చున్నాను. నాయుడుగారు సగం మెట్లెక్కి ఆయాసంతో ఆగిపోయారు. మా పడవ సరంగు నా పక్కన నిలబడి చుట్ట వెలిగించుకుని, "అక్కడ కూచుంటే ఏం కనపడుద్దండీ మాస్టారూ! ఈ మూలకొచ్చి నిలబడి, ఓపాలి కలియజూడండి" అన్నాడు.

నిలబడ్డాను. చుట్టూ తిరిగి చూశాను. పైన పోలవరం వైపు కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా. కింద ఇసుక, పాయలు, వెదురు తెప్పలు. అటు కొవ్వూరు వైపు తాటితోపులు, వాటి మీద లేస్తున్న వంటల పొగ. కనుచూపు మేరంతా ఒకే చూపులో.

అప్పుడు తట్టింది సరంగు అన్న మాట. కలియజూడండి. మా పుస్తకాల్లో 'కలయజూచు' అని ఉంటుంది. అంటే ఒక్కటి కాదు, అంతా కలుపుకుని చూడటం. పద్నాలుగేళ్లుగా పిల్లలకి దాని రూపాలు వల్లె వేయిస్తున్నాను. గ్రీకు ముక్కలు అతికించిన వాడు ఒకవేళ పట్టిసీమలో పుట్టి ఉంటే, రెండు ముక్కల అవసరమే లేకపోయేది.

"మళ్లీ అనండి ఆ మాట" అన్నాను.

"ఏ మాటండీ?" అన్నాడు సరంగు. నేను చెబితే, అందులో ఏముందన్నట్టు నన్ను వింతగా చూసి, చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకున్నాడు.

పోలవరం

మర్నాడు పొద్దున్నే పోలవరం చేరాం. ఆ రోజు అక్కడ సంత. కొండల నుంచి కోయవాళ్లు చింతపండు, తేనె, వెదుళ్లు దించారు. ఉప్పు, బట్ట పట్టుకుపోతున్నారు. మా వైపు సంతలో బేరమంటే చెవులు చిల్లులు పడతాయి. ఇక్కడ కోయవాళ్లు ఒక మాట చెప్పి ఊరుకుంటారు. నచ్చితే కొనాలి, లేకపోతే పోవాలి. నాయుడుగారు ఒక తేనె బుర్ర కోసం అలవాటు కొద్దీ అరగంట బేరమాడారు. అమ్మే ఆవిడ ఆ అరగంటా చిరునవ్వుతో విని, మొదట చెప్పిన ధరే మళ్లీ చెప్పింది. అడ్డాకు విస్తట్లో వేడన్నం, ముద్దపప్పు తిని, ఆ ధరకే తేనె కొని, దిగువకి పోయే పడవెక్కాం. వీరన్న మాత్రం తిండి కూడా కొండల వైపు తిరిగే తిన్నాడు.

లేని ఊరు

మూడు రోజులు ధాన్యం కొట్టే మా ఇల్లు. కొత్త సంవత్సరం పొద్దున ప్రార్థనకి వెళ్లొచ్చి, నేనూ తుమ్మజిగురు కలిపాను. సున్నం, నీలిమందు, ఎర్రమన్ను, దీపపు మసి. వీరన్న ముందుగా గీత గీయడు. కుంచె ముంచి, కళ్లు ఒక్క క్షణం మూసి, వేసేస్తాడు. పాడైన లండను మీద సున్నపు పూత పడింది. దాని మీద గోదావరి పారడం మొదలైంది. వంతెన స్తంభాలు వచ్చాయి, పొగాకు తోటలు వచ్చాయి, చుట్ట పీల్చే ముసలమ్మ వచ్చింది. మూడో రోజుకి పట్టిసీమ కొండ లేచింది.

మధ్యలో ఒక చోట నాయుడుగారు ఆగారు. "ఇక్కడ నీళ్లే కదా ఉన్నది? ఇదేమి, ఇళ్లు వేశావు?"

"రేగులంకండి."

"లేని ఊరు కదయ్యా! సమస్తం కనబడాలి, నిజమే. లేనిది కూడా కనబడాలా? రేపు ఆటలో ఎవడో లేచి, అక్కడ ఊరెక్కడుంది, అంతా అబద్ధం అంటే? నా పరువు పోతుంది."

వీరన్న కుంచె కడిగి పక్కన పెట్టాడు. "నేను చూసిందే వేత్తానని ముందే చెప్పానండి. ఇది చూశాను. వద్దంటే మీ సున్నం మీ దగ్గరుంది, కొట్టుకోండి."

దూలాలు తిప్పే ఇద్దరూ పని ఆపారు. నాయుడుగారు సున్నం తట్ట వైపు చూశారు. తర్వాత బొమ్మకి దగ్గరగా వెళ్లారు. అరవై గడపా ఉన్నాయి. ఒక ఇంటి ముందు గేదె, ఒక ఇంటి మీద ఆరేసిన ఎర్ర చీర, రచ్చబండ మీద చుట్టతో ఒక ముసలాయన. గోరంత బొమ్మలు. ఏ ఇల్లూ ఇంకో ఇంటిలా లేదు.

"చీర ఆరలేదింకా, తడి చూసుకో" అని మాత్రం అని, ఆయన బయటికి వెళ్లిపోయారు.

ఆట

దీపాలు పెట్టే వేళకి కొట్టు నిండిపోయింది. బేడకి చాప, పావలాకి బల్ల. మొదట ఆ మాటకి అర్థం చెప్పమని నాయుడుగారు నన్ను ముందుకి నెట్టారు. పాన్ అన్నాను, హొరామా అన్నాను. ఎదురుగా మూడొందల ముఖాలు కొయ్యబొమ్మల్లా ఉన్నాయి. "అంటే ఏం లేదండి, కలియజూడటం" అన్నాను. "ఓహో" అన్నారు అందరూ ఒక్కసారి. ఎవరో వెనక నుంచి, "ఆ ముక్క ముందే చెప్పచ్చుగా!" అని అరిచారు.

దూలాలు తిరిగాయి. సముద్రం పోయింది, ఓడలు పోయాయి, తుపానుకి ఆడవాళ్లు అబ్బా అన్నారు. నాయుడుగారి గొంతు గుడ్డకి తగ్గట్టు లేస్తూ దిగుతూ ఉంది. ఇంతలో వంతెన స్తంభాలు కనబడ్డాయి. ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కొట్టు పైకప్పు లేచిపోయేంత కేక. "మన గోదారండీ! మన రేవండీ!" ఎవరి ఇల్లు ఎక్కడుందో వాళ్లు లేచి చూపిస్తున్నారు. నాయుడుగారు కథ చెప్పడం మానేశారు. జనమే చెబుతున్నారు.

రేగులంక వచ్చింది.

గోల ఒక్కసారి తగ్గింది. ముందు వరస చాపల మీంచి ఒక ముసలావిడ లేచింది. ఆవిడ పేరు సూరమ్మ అని తర్వాత తెలిసింది. "ఆపండి బాబూ" అంది. మళ్లీ అంది. "ఆపండి."

గుడ్డ ఆగితే ఆట చెడుతుంది. అది నాయుడుగారు నాకు పడవలోనే పాఠంలా చెప్పిన మాట. ఆయన తిప్పే మనుషుల వైపు చూసి చెయ్యెత్తారు. దూలాలు ఆగాయి.

సూరమ్మ గుడ్డ దగ్గరికి నడిచింది. "ఇది సత్తెమ్మోళ్లిల్లు. ఇది కరణంగారిది. ఇది..." ఆవిడ వేలు గాలిలోనే ఆగిపోయింది. వెనక నుంచి ఇంకో ముసలాయన, "ఆ పక్కది మాది" అన్నాడు. ఇంకెవరో, "మా గేదె! మా గేదె చూడండి" అన్నారు. పదిమందో పన్నెండుమందో లేచి వచ్చారు. అందరూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఒకే ఊళ్లో ఉంటూ ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకోని వాళ్లు కూడా ఉన్నారట వాళ్లలో. మిగతా జనం వాళ్లకి అడ్డం రాకుండా పక్కకి జరిగి కూర్చున్నారు. వీరన్న ఒక మూల గోడకి చేరగిలబడి, అటు చూడకుండా నేల చూస్తున్నాడు.

పట్టిసీమ కొండ వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. అందరూ దణ్ణం పెట్టారు. ఎవరూ అబద్ధమనలేదు.

ఇసుక మీద

మర్నాడు పొద్దున నాయుడుగారు కాకినాడ పడవకి సామాను ఎక్కిస్తున్నారు. వీరన్నని కూడా రమ్మన్నారు. కాకినాడ రేవు చూపిస్తే అది కూడా వేస్తానని వీరన్న ఒప్పుకున్నాడు. భార్య కట్టిచ్చిన మూటతో వచ్చి నిలబడ్డాడు. నేనూ సాగనంపడానికి వెళ్లాను.

అప్పుడు సూరమ్మ వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ముసలమ్మలు. "నిన్న దీపాల్లో కళ్లు సరిగ్గా ఆనలేదు బాబూ. పగలు ఒక్కసారి చూపిత్తారా?" అంది.

కాకినాడ పడవ సరంగు కసురుకున్నాడు. పడవ కదిలే వేళైంది అన్నాడు. నాయుడుగారు ఆయన మాట వినలేదు. మూట దింపించారు. రేవు ఇసుక మీద చాపలు పరిపించి, దూలం మెల్లిగా దొర్లిస్తూ, గోదావరి నుంచి రేగులంక వరకు విప్పారు.

ముగ్గురూ గుడ్డ అంచు వెంట చెప్పులు లేని కాళ్లతో నడిచారు. ఎక్కడా తొక్కకుండా, వీధిలో నడిచినట్టు నడిచారు. ఎర్ర చీర ఆరేసి ఉన్న ఇంటి దగ్గర సూరమ్మ ఆగింది. ఆ గడప పక్కన ఇసుకలో చతికిలబడి, మోకాళ్లు రెండు చేతులతో చుట్టుకుని, ఎవరో లోపలి నుంచి వస్తారన్నట్టు కూర్చుంది.

సరంగు ఇంకోసారి పిలిచాడు. నాయుడుగారు గొడుగు విప్పి, ఎండ పడకుండా ఆవిడ మీద పట్టి నిలబడ్డారు. పడవ రేవులోనే ఆగింది.